సందేహాలు తీర్చిన పెద్దాయన: రబ్బీ మోషే ఫైన్‌స్టైన్

సర్వీసులో ఉన్నన్నాళ్లూ మనమంతా రూల్సు పుస్తకం పక్కన పెట్టుకుని పనిచేసినవాళ్లమే. రూలు రాసిన నాటికి లేని సమస్య ఫైలులో వస్తే, పాత రూలునే తిరగేసి, దాని ఉద్దేశమేమిటో పట్టుకుని నోటు పెట్టేవాళ్లం. అదే పనిని వేల ఏళ్ల నాటి ధర్మశాస్త్రంతో జీవితమంతా చేసిన పెద్దమనిషి రబ్బీ మోషే ఫైన్‌స్టైన్. యూదులు కాని మనకు ఆయన పేరు అంతగా తెలియదు. తెలుసుకోదగ్గ జీవితమని ఈ ప్రత్యేక సంచికకు ఆయన కథ రాస్తున్నాను.

యూదుల ధర్మశాస్త్రాన్ని హలఖా అంటారు. దానికి మూలం తోరా. ఆ తోరా మీద పూర్వపు రబ్బీలు చేసిన సుదీర్ఘమైన చర్చలే తాల్ముద్. తిండి, పెళ్లి, వ్యాపారం, కూలి, వైద్యం, అన్నీ అందులోకి వస్తాయి. క్రైస్తవుల్లో పోపు ఉన్నట్లు యూదులకు అందరి మీద అధికారమున్న మతాధిపతి లేడు. ఎవరి పాండిత్యాన్ని, నిజాయితీని జనం నమ్మితే వారి మాటే చెల్లుతుంది. ఫైన్‌స్టైన్ గారికి దక్కిన పెద్దరికం అలాంటిదే.

ఆయన 1895లో మిన్స్క్ నగరం దగ్గర ఉజ్దా అనే ఊళ్లో జన్మించారు. అప్పుడది రష్యా సామ్రాజ్యం, ఇప్పుడు బెలారస్. తండ్రి దావీద్ గారు రబ్బీ. 1921లో మోషే గారు లూబాన్ పట్టణానికి రబ్బీ అయ్యారు. సోవియట్ ప్రభుత్వం మతం మీద కత్తి కట్టిన రోజులవి. పదిహేనేళ్లు ఆ వేధింపులన్నీ ఓర్చుకుని, ఇక వీలు కాక, 1937 మొదట్లో కుటుంబంతో అమెరికా చేరారు. న్యూయార్కులో లోయర్ ఈస్ట్ సైడ్ అనే వలస జనం పేటలో ఒక మత విద్యాలయానికి అధిపతి అయ్యారు. చివరిదాకా ఆ పేటలోనే ఉండిపోయారు.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఉత్తరాల్లో, టెలిఫోనులో, గుమ్మం దగ్గర. టెలిఫోను మోగితే ఆయనే తీసేవారు. ఆ జవాబులే ఇగ్రోత్ మోషే (మోషే లేఖలు) అన్న పేరుతో 1959 నుంచి సంపుటాలుగా వచ్చాయి.

పాల సంగతి చూడండి. నిషిద్ధమైన జంతువు పాలు కలుస్తాయేమోనని, పాలు పితికేటప్పుడు యూదుడొకడు చూస్తూ ఉండాలని పాత నియమం. అమెరికాలో డెయిరీ కంపెనీల పాలు తాగేవాళ్లు ఏం చేయాలి? ప్రభుత్వ తనిఖీ ఉంది, కల్తీ చేస్తే జరిమానా ఉంది, కంపెనీ ఆ సాహసం చేయదు, అంత నిశ్చయంగా తెలియడం కళ్లతో చూడడంతో సమానమే అని ఆయన తేల్చారు. అయితే వీలైనవారు పాత నియమమే పాటించడం మేలన్నారు, తాను కూడా అలాగే పాటించారు. ఇతరులకు సడలింపు, తనకు కట్టుబాటు. ఇది గమనించదగ్గ విషయం.

అలాగని అన్నిటికీ సరేననే మనిషి కాదు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా యూదులకు షబ్బాత్, పని చేయకూడదు. ముందుగా టైమరు అమర్చి పెడితే యంత్రం దానంతటదే పనిచేస్తుంది కదా, తప్పేమిటని అడిగితే, దీపాల వరకు సరేగాని మిగతా పనులకు కూడదన్నారు. ఆ దారి తెరిస్తే ఫ్యాక్టరీలన్నీ షబ్బాత్ నాడు నడుస్తాయి, ఇక విశ్రాంతి దినానికి అర్థమేముందని ఆయన వాదం.

యూనియన్లలో తిరిగిన మనకు ముఖ్యంగా నచ్చేది సమ్మె గురించిన తీర్పు. ఒక వృత్తిలోని వారంతా కలిసి కట్టుబాటు చేసుకుని తమవారి చేత పాటింపజేయవచ్చని తాల్ముద్ లో ఉంది. దాన్నే ఆధారం చేసుకుని, కార్మికుల్లో ఎక్కువమంది నిర్ణయిస్తే సమ్మె న్యాయమేనని, వాళ్ల స్థానంలో మరొకరు వచ్చి చేరడం సాటివాడి జీవనోపాధి లాక్కోవడమేనని చెప్పారు. పిల్లలకు తోరా చెప్పే ఉపాధ్యాయుల విషయంలో మాత్రం అంత సులభంగా ఒప్పుకోలేదు. పాఠం ఆగడం ఆయనకు బాధ. జీతం బతకడానికి చాలని పరిస్థితిలోనే ఆ దారి అన్నారు.

న్యూయార్కు రాష్ట్రం హైస్కూలు పిల్లలకు రీజెంట్స్ అనే పరీక్షలు పెడుతుంది. మత పాఠశాలల పిల్లలు వాటిలో కాపీ కొట్టవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. లౌకిక చదువే కదా, పోనిమ్మని సరిపెట్టుకునేవాళ్లు కొందరుండేవారు. ఆయన గట్టిగా కాదన్నారు. అది దేశపు చట్టాన్ని ధిక్కరించడం, మోసం, అంతటితో ఆగదు. రేపు ఆ సర్టిఫికెట్టు చూసి ఉద్యోగమిచ్చే యజమాని సొమ్ము కాజేయడం కూడానని లెక్క తేల్చారు. ఆశ్రయమిచ్చిన దేశం పట్ల కృతజ్ఞతగా ప్రతి యూదుడూ ఓటు వేయాలని 1984లో, దాదాపు తొంభయ్యో ఏట, లేఖ కూడా విడుదల చేశారు.

హలఖాలో భర్త మరణం రుజువు కాకపోతే భార్య మళ్లీ పెళ్లి చేసుకోరాదు. నాజీల మారణహోమంలో భర్తలు ఏమయ్యారో చెప్పే సాక్షి లేని స్త్రీలు ఎందరో మిగిలారు. ఒక్కొక్కరి వివరాలూ విడిగా పరిశీలించి, దొరికిన ఆధారాలు కూడగట్టి, చాలామందికి ఆయన దారి చూపారు. ఈ ఒక్క పనికే ఆయనకు దణ్ణం పెట్టవచ్చు.

అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న 1977లో వచ్చింది. ఒక యూదు దంపతులకు ఛాతీ దగ్గర అతుక్కుని కవల ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరికీ కలిసిన గుండె ఒకటే, ఆరు గదులది. వదిలేస్తే ఇద్దరూ దక్కరు. విడదీస్తే ఒక పాప అక్కడికక్కడే చనిపోతుంది, రెండో పాపకు బతికే ఆశ ఉంటుంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి సర్జన్ ఎవరెట్ కూప్ సిద్ధంగా ఉన్నా, తల్లిదండ్రులు రబ్బీ మాట కోసం ఆగారు. (తర్వాత అమెరికా సర్జన్ జనరల్‌గా పొగాకు మీద పోరాడిన కూప్ ఈయనే.) ఒక ప్రాణం కోసం మరొకటి తీయరాదన్నది హలఖాలో మూలసూత్రం. ఫైన్‌స్టైన్ గారు తొందరపడలేదు. జీవశాస్త్ర ఆచార్యుడైన అల్లుడు రబ్బీ మోషే టెండ్లర్ ద్వారా వైద్యులను మళ్లీ మళ్లీ అడిగించారు. ఆ గుండెను మొదటి పాపకే ఇచ్చే వీలుందా అన్నది ఆయన పట్టు. లేదన్నారు. సొంతంగా బతకలేని పాప, తెలియకుండానే, రెండో పాప ప్రాణాన్ని హరిస్తున్న స్థితిలో ఉందని, తరుముకొచ్చేవాడి నుంచి కాపాడే నియమం ఇక్కడ వర్తిస్తుందని చివరికి ఒప్పుకున్నారు. కోర్టు కూడా అనుమతించింది. శస్త్రచికిత్స జరిగింది. దక్కిన పాప 47 రోజులు బతికింది.

ఆయన తీర్పులన్నిటికీ అందరూ తలూపలేదు. కృత్రిమ గర్భధారణ మీద రాసినదానికి తోటి రబ్బీలే విరుచుకుపడ్డారు. సిగరెట్టు విషయంలో ఆయన ఇంకా గట్టిగా ఉండవలసిందని నాకనిపిస్తుంది. మానడం మంచిదన్నారేగాని, పూర్వపు పండితులెందరో తాగారు గనుక పూర్తిగా నిషిద్ధమనలేకపోయారు. పక్కవారికి ఇబ్బంది కలిగేచోట తాగరాదని మాత్రం తర్వాత చెప్పారు.

1986 మార్చి 23న, 91వ ఏట, న్యూయార్కులో కన్నుమూశారు. జెరూసలేంలో ఖననం చేశారు. గుండె మార్పిడిని 1968లో ఆయన హత్య అన్నారు. అప్పట్లో గుండె ఇచ్చినవాడూ, తీసుకున్నవాడూ ఇద్దరూ దక్కేవారు కాదు. ఆయన పోయిన కొద్ది నెలలకే, 1986 చివర్లో, ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల మండలి గుండె మార్పిడికి అనుమతిచ్చింది. అందుకు చూపిన ఆధారాల్లో ఫైన్‌స్టైన్ గారు తర్వాత రాసిన మాటలు కూడా ఉన్నాయి. మెదడు పనిచేయడం ఆగితే మరణించినట్లేనని ఆయన ఒప్పుకున్నారా లేదా అన్నదాని మీద ఆ లేఖలు ముందు పెట్టుకుని పండితులు ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు.