చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు

విద్యార్థులు నవలలు చదువుట కాలహరణమని కొందఱు పెద్దలు తలంతురు. అట్టి వారికి శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి చరిత్రమే తగిన సమాధానమని మేము తలంచుచున్నాము.

వీరు 1867 వ సంవత్సరము సెప్టెంబరు 26 వ తేదీన పశ్చిమ గోదావరి సీమయందలి ఖండవల్లి గ్రామమున జన్మించిరి. బాల్యమునుండియు రేచీకటిచే బాధపడిరి. కాలక్రమమున చూపు పూర్తిగా పోయెను. అయినను రచన మానలేదు. తాము చెప్పుచుండ నితరులు వ్రాయగా గ్రంథములు వెలయించి ఆంధ్ర మిల్టనని పేరొందిరి.

1894 లో వీరి రామచంద్రవిజయము చింతామణి పత్రికవారి నవలల పోటీలో బహుమానమందెను. రాజస్థాన కథావళి బాలురకు చరిత్రమునందు ప్రీతి గలిగించెను. గణపతి నవలయో, వేఱొక మార్గము. అందలి నాయకుడు వీరుడు కాడు, గుణవంతుడు కాడు. చదువబ్బని యల్లరివాడు, తుదకు బడిపంతులగును! వానింగని పిల్లలు కడుపుబ్బ నవ్వుదురు. నవ్వి నవ్వి, ఆ సోమరితనము తమయందును కొంత గలదని గ్రహింతురు. బెత్తము నేర్పలేని దానిని నవ్వు నేర్పును. ఊరివారి మాటతీరును, పెండ్లి తగవులను, వీథిబడుల దుస్థితిని ఉన్నవి యున్నట్లు చూపుటయే యా గ్రంథముయొక్క సారస్వతగుణము.

వీరు వ్రాసి యూరకుండలేదు. చదువునకు దూరమైన నిమ్నజాతుల బాలురకై 1909 లో రాజమహేంద్రవరమున రామమోహన పాఠశాలను స్థాపించిరి. 1943 లో ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ బిరుదముతో వీరిని గౌరవించిరి. 1946 జూను 17 వ తేదీన పరమపదించిరి.

కామవరపుకోట తలిదండ్రులారా! మీ బిడ్డ దీపముకడ గణపతిని చదివి నవ్వుచుండిన కోపింపకుడు. కన్నులు లేనివాడు లోకమును చూపుచున్నాడు, చూడనిండు.