సేనాని పేరిట ఒక రహదారి

మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపంలో లార్నకా అనే రేవు పట్టణం ఉంది. ఆ పట్టణంలోని ఒక ప్రధాన రహదారికి అక్కడి ప్రజలు ఒక భారతీయ సేనాని పేరు పెట్టుకొన్నారు. ఆయన ఆ దేశాన్ని జయించినవాడు కాడు. ఆ ప్రజల భాషకు, మతానికి చెందినవాడూ కాడు. వారి మధ్య రగులుతున్న వైరాగ్నిని చల్లార్చడానికి వెళ్లి, ఆ గడ్డమీదనే కన్నుమూసినవాడు. ఆయనే జనరల్ కొడందెర సుబ్బయ్య తిమ్మయ్య. మన దేశంలో బెంగుళూరులోను, పుణెలోను కూడా ఆయన పేరిట రహదారులు ఉన్నాయి. పరదేశంలోను, స్వదేశంలోను ఇట్టి గౌరవం పొందిన సైనికులు అరుదు. ఆ గౌరవానికి వెనుక ఉన్న జీవితం ఎట్టిదో తెలుసుకోవడం అవసరం.

తిమ్మయ్య 1906 మార్చి 31వ తేదీన కొడగు ప్రాంతంలోని మడికేరిలో జన్మించారు. కాఫీ తోటలకు, పచ్చని కొండలకు ప్రసిద్ధి చెందిన కొడగు, వీరభూమిగా కూడా పేరుగాంచింది. అక్కడివారు ఏటా ఒక పండుగనాడు ఆయుధాలను పూజిస్తారు. భారత సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాని అయిన కరియప్ప కూడా ఈ నేలలో పుట్టినవారే. తిమ్మయ్య తల్లి చిత్తవ్వ ప్రజాసేవకు గుర్తింపు పొందిన ఇల్లాలు. ఆమె ముగ్గురు కుమారులూ సైన్యంలోనే చేరారు.

కూనూరులోను, బెంగుళూరులోను చదువుకొన్న తిమ్మయ్య తరువాత డెహ్రాడూన్‌లోని సైనిక కళాశాలలో ప్రవేశించారు. అక్కడినుండి ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ విద్యాలయానికి ఎంపికై, 1926లో సైనికాధికారి అయ్యారు. అనంతరం 19వ హైదరాబాద్ రెజిమెంటులోని నాలుగవ పటాలంలో చేరారు. నిజాం రాజ్యంలో పుట్టి పెరిగిన ఈ రెజిమెంటుకే 1945లో కుమావూఁ రెజిమెంటు అనే పేరు వచ్చింది.

ఆ కాలంలో భారతీయుడు సైనికాధికారిగా ఉండడం కత్తిమీద సాము వంటిది. తోటి ఆంగ్లేయుల క్లబ్బులలో కొన్నిటికి భారతీయ అధికారులకు ప్రవేశమే ఉండేది కాదు. మరొకవైపు దేశమంతటా స్వాతంత్ర్యోద్యమం ఉప్పొంగుతున్నది. తాను వేసుకొన్న దుస్తులు పరప్రభుత్వానివి అన్న వేదన యువకుడైన తిమ్మయ్యను కలచివేసింది. అలహాబాదులో పనిచేసిన రోజులలో ఆయనకు నెహ్రూ కుటుంబంతో పరిచయం ఏర్పడింది. ఉద్యోగం వదలివేయాలా అన్న సందేహం కలిగినప్పుడు, రేపటి స్వతంత్ర భారతానికి శిక్షణ పొందిన సేనానులు కావాలని జాతీయ నాయకులు హితవు చెప్పారంటారు. ఆయన సైన్యంలోనే నిలిచారు. ఆయన అన్న పొన్నప్ప మాత్రం తరువాతి కాలంలో ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. ఒకే తల్లి బిడ్డలు వేరువేరు మార్గాలలో నడిచినా, ఇరువురి గమ్యమూ దేశమే.

1935లో తిమ్మయ్య వివాహం నీనాతో జరిగింది. ఆ ఏడాది మే నెలాఖరున క్వెట్టా నగరాన్ని ఘోర భూకంపం నేలమట్టం చేసింది. ఆ దంపతులు శిథిలాల నడుమ క్షతగాత్రులకు సేవచేశారు. నీనా సేవకు ప్రభుత్వం పతకమిచ్చి సత్కరించింది.

రెండవ ప్రపంచయుద్ధంలో తిమ్మయ్య బర్మా రంగంలో పోరాడారు. 1945లో అరకాన్ తీరంలోని కంగావ్ వద్ద జరిగిన భీకర సంగ్రామంలో తన పటాలాన్ని సమర్థంగా నడిపి, ఉన్నత శౌర్య పురస్కారం పొందారు. యుద్ధరంగంలో ఒక బ్రిగేడుకు నాయకత్వం వహించిన తొలి భారతీయుడు ఆయనే.

స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే ఆయనకు కఠిన పరీక్ష ఎదురయింది. కాశ్మీరులో శత్రువులు జోజీ లా కనుమను ఆక్రమించుకొని, లడఖ్‌కు వెళ్లే దారిని మూసివేశారు. లేహ్ పట్టణం ప్రమాదంలో పడింది. 1948 సెప్టెంబరులో కనుమను పట్టుకోవడానికి మన సైన్యం చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. అప్పుడు ఆ ప్రాంతపు డివిజను అధిపతిగా ఉన్న తిమ్మయ్య ఎవరూ ఊహించని ఆలోచన చేశారు. పదకొండున్నర వేల అడుగులకు పైబడిన ఆ ఎత్తుకు ట్యాంకులను ఎక్కించాలని నిశ్చయించారు. ట్యాంకుల పైభాగాలు విప్పి, శత్రువుల కంట పడకుండా వాటిని శ్రీనగరుకు చేర్చారు. దక్షిణాది యువకులతో కూడిన మద్రాస్ శాపర్ల దళం కంచరగాడిదలు నడిచే బాటను ట్యాంకులకు తగినట్లు తీర్చిదిద్దింది. 1948 నవంబరు 1వ తేదీన, మంచు కురిసే వేళ ట్యాంకులు కనుమలోకి దూసుకొనిపోయాయి. తిమ్మయ్య స్వయంగా ముందువరుస ట్యాంకులో కూర్చున్నారు. శత్రువులు నిశ్చేష్టులై పారిపోయారు. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ మన వశమయ్యాయి. లేహ్‌కు దారి తెరుచుకొన్నది. ఆ కాశ్మీరు సమరకాలంలోనే ఆయన తమ్ముడు సోమయ్య మందుపాతర ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు.

తిమ్మయ్య ప్రతిభ యుద్ధానికే పరిమితం కాలేదు. కొరియా యుద్ధం ముగిసిన తరువాత, స్వదేశానికి తిరిగి వెళ్లడానికి ఇష్టపడని యుద్ధఖైదీల సమస్య జటిలమైంది. వారి సంగతి తేల్చడానికి 1953లో ఏర్పడిన తటస్థ దేశాల సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. ఇరవై రెండు వేలకు పైగా ఖైదీలు, పరస్పరం నమ్మని రెండు పక్షాలు, కత్తులు దూసుకొనే శిబిరాలు. ఈ పరిస్థితులలో ఆయన చూపిన ఓర్పు, నిష్పక్షపాతం లోకం మెప్పు పొందాయి. 1954లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

1957 మే నెలలో తిమ్మయ్య భారత సైన్యాధ్యక్షులయ్యారు. ఉన్నతాధికారుల పదోన్నతుల విషయంలోను, సైన్యం సన్నద్ధత విషయంలోను ఆయనకు, రక్షణమంత్రి కృష్ణ మీనన్‌కు మధ్య విభేదాలు పెరిగాయి. 1959 ఆగస్టు 31వ తేదీన ఆయన రాజీనామా సమర్పించారు. ప్రధాని నెహ్రూ నచ్చజెప్పగా దానిని ఉపసంహరించుకొన్నారు. అయినా పార్లమెంటులో ప్రధాని ఆ చర్యను తప్పుపట్టారు. ప్రజాప్రభుత్వానికి సైన్యం లోబడి ఉండాలన్న నియమం గొప్పది. తన సైనికుల క్షేమంకోసం నోరు విప్పవలసిన బాధ్యతా గొప్పదే. ఆ రెండిటి నడుమ నలిగిన సేనాని 1961లో మౌనంగా పదవీవిరమణ చేశారు. మరుసటి ఏడాదే చైనాతో యుద్ధం వచ్చింది. ఆ పరాజయం తరువాత ఆయన ఆవేదనలోని అర్థం దేశానికి బోధపడింది.

1960లో స్వతంత్రమైన సైప్రస్‌లో గ్రీకు, టర్కీ జాతులవారి మధ్య 1963 చివర రక్తపాతం మొదలయింది. ఐక్యరాజ్యసమితి అక్కడికి శాంతిసేనను పంపింది. 1964 జులైలో తిమ్మయ్య ఆ సేనకు అధిపతిగా వెళ్లారు. జయించడం కంటె కొట్లాటను ఆపడం కష్టం. అక్కడ శత్రువంటూ ఎవరూ లేరు. ఉభయుల నమ్మకాన్నీ సంపాదించాలి. ఆ సాధనలో ఉండగానే, 1965 డిసెంబరు 18వ తేదీన నికోసియాలో గుండెపోటుతో మరణించారు. ఆయన భౌతికకాయాన్ని బెంగుళూరుకు తెచ్చి, సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. 1966లో సైప్రస్ ప్రభుత్వం ఆయన స్మృతిచిహ్నంగా తపాలాబిళ్ల వెలువరించింది. మడికేరిలో ఆయన నివసించిన ఇల్లు 2021లో స్మారక ప్రదర్శనశాలగా ప్రారంభమైంది.

బెంగుళూరులో ఆయన పేరు పెట్టిన దారి అంతకుముందు రిచ్‌మండ్ రోడ్డు. నేటికీ జనం నోట ఆ పాత పేరే వినబడుతుంది. పలకమీద పేరు మార్చడం ఒక్కరోజు పని; ప్రజల గుండెలో ఆ పేరు నాటుకోవడానికి తరాలు పడుతుంది. విగ్రహానికి ఏడాదికొకసారి పూలదండ వేస్తాము. దారిమీద మాత్రం బడికి పోయే పిల్లలు, కూలికి పోయే శ్రామికులు, రోగిని తీసుకొనిపోయే వాహనాలు నిత్యం నడుస్తాయి. మూసుకొనిపోయిన జోజీ లా దారిని తెరచిన సేనానికి, విడిపోయిన మనుషుల మధ్య దారి వేయబోయిన శాంతిదూతకు ఇంతకంటె తగిన స్మారకం లేదు. అయితే ఆ పేరు ఎవరిదో తెలియకుండా నడిచిపోతే ఆ గౌరవం అసంపూర్ణమే. మన ఊరిలోని వీధికి ఉన్న పేరు ఎవరిదో, ఆ పేరు ఎందుకు వచ్చిందో అడిగి తెలుసుకోవడం వీరులకు మనం చెల్లించే తొలి నివాళి.