కోనీ మాక్

కోనీ మాక్ (డిసెంబర్ 22, 1862 - ఫిబ్రవరి 8, 1956) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారుడు, మేనేజరు, జట్టు యజమాని. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టును 1901 నుండి 1950 వరకు వరుసగా 50 సీజన్లు నడిపాడు. మేజర్ లీగ్ మేనేజర్లలో అత్యధిక విజయాలు (3,731), అత్యధిక పరాజయాలు (3,948) రెండూ ఈయన పేరిటే ఉన్నాయి. ఐదుసార్లు ప్రపంచ సిరీస్ గెలిచిన ఈ జట్టు 1934-1950 మధ్య ఒక్కసారి కూడా నాలుగో స్థానాన్ని దాటలేదు. కొత్త ఆటగాళ్ళను తయారుచేసుకొనే వ్యవస్థ బలపడకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

బాల్యం, క్రీడాజీవితం

ఈయన అసలు పేరు కార్నీలియస్ మెక్‌గిలికడి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఈస్ట్ బ్రూక్‌ఫీల్డ్‌లో ఐరిష్ వలస కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే చదువు మాని బూట్ల కర్మాగారంలో పనిచేశాడు. 1886లో క్యాచర్‌గా మేజర్ లీగ్‌లో ప్రవేశించాడు. 1894-96లో పిట్స్‌బర్గ్ జట్టుకు ఆడుతూనే మేనేజరుగా వ్యవహరించాడు.

రెండు గొప్ప జట్లు

మాక్ క్రీడాదుస్తులు ధరించక, సూటు వేసుకొని, చేతిలోని స్కోరుకార్డుతో ఆటగాళ్ళకు సైగలు చేసేవాడు. కళాశాలల నుండి యువకులను ఎంపికచేసి తీర్చిదిద్దడంలో దిట్ట. ఈయన జట్టు 1910, 1911, 1913లలో ప్రపంచ విజేత అయింది. 1914లో ఫెడరల్ లీగ్ పోటీ వల్ల జీతాలు పెరగగా, ఆ ఏడాది ఓటమి తరువాత మాక్ ప్రముఖ ఆటగాళ్ళను వదులుకున్నాడు. ఎడ్డీ కాలిన్స్‌ను 50,000 డాలర్లకు చికాగోకు అమ్మాడు. 1914లో 99 ఆటలు గెలిచిన జట్టు 1916లో 36 మాత్రమే గెలిచింది. 1915 నుండి ఏడేళ్ళు వరుసగా చివరి స్థానంలో నిలిచింది.

తరువాత చిన్న లీగుల జట్ల నుండి ఆటగాళ్ళను కొని రెండో గొప్ప జట్టును నిర్మించాడు. పిచ్చర్ లెఫ్టీ గ్రోవ్‌ను బాల్టిమోర్ నుండి 1,00,600 డాలర్లకు కొన్నాడు. జిమ్మీ ఫాక్స్‌ను పూర్వ శిష్యుడు ఫ్రాంక్ బేకర్ సిఫారసుపై తీసుకున్నాడు. ఈ జట్టు 1929, 1930లలో ప్రపంచ విజేత అయింది.

పతనానికి కారణాలు

1931లో అథ్లెటిక్స్‌ను ఓడించిన సెయింట్ లూయిస్ జట్టు వేరే మార్గం అనుసరించింది. దాని నిర్వాహకుడు బ్రాంచ్ రికీ చిన్న లీగుల జట్లనే సొంతం చేసుకొని, యువకులను తక్కువ ఖర్చుతో తయారుచేసేవాడు. ఇతర జట్లూ ఆ బాట పట్టడంతో మాక్‌కు మంచి ఆటగాళ్ళు అంగడిలో దొరకడం కష్టమైంది. అథ్లెటిక్స్ ఈ పద్ధతిలోకి ఆలస్యంగా, అరకొరగా వచ్చింది.

మాక్‌కు టిక్కెట్ల రాబడే ప్రధాన ఆధారం. ఫిలడెల్ఫియాలో 1934 వరకు ఆదివారపు ఆటలకు చట్టం అనుమతించలేదు. ఆర్థికమాంద్యంలో రాబడి తగ్గి, 1932-35 మధ్య సిమన్స్, గ్రోవ్, కాక్రేన్, ఫాక్స్‌లను అమ్మవలసివచ్చింది. అమ్మిన వారి స్థానంలో నిలిచే యువకులు సిద్ధంగా లేరు.

దొరికిన ప్రతిభ కూడా చేజారింది. 1946లో వదిలిన జార్జ్ కెల్ 1949లో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ అగ్రస్థానం పొందాడు. 1949లో వదిలిన నెల్లీ ఫాక్స్ 1959లో ఆ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 1947లో బ్రూక్లిన్ జట్టు జాకీ రాబిన్సన్‌తో వర్ణభేదాన్ని ఛేదించినా, అథ్లెటిక్స్‌లో తొలి నల్లజాతి ఆటగాడు 1953లో గానీ ఆడలేదు.

చివరి రోజులు

మాక్ 1937లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. 87 ఏళ్ళ వయసులో, 1950లో మేనేజరు పదవి నుండి విరమించాడు. 1953లో షైబ్ పార్క్ మైదానానికి ఈయన పేరు పెట్టారు. మరుసటి ఏడాదే అప్పుల్లో చిక్కుకున్న జట్టును కుటుంబం అమ్మివేయగా, అది కాన్సాస్ సిటీకి తరలిపోయింది. మాక్ 1956లో ఫిలడెల్ఫియాలో మరణించాడు.