రెనే లెరీష్: చల్లబడిన చేతులకు రక్తం పారించిన వైద్యుడు

చన్నీళ్లలో చెయ్యి పెట్టగానే కొందరికి వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడతాయి. తరువాత నీలమై, వెచ్చబడ్డాక ఎర్రబడి మంట పుడతాయి. ముదిరితే వేలి కొనలపై పుండ్లు పడతాయి. 1862లో పారిస్ వైద్యుడు మోరీస్ రెనో ఈ జబ్బును వర్ణించాడు. ఇలాంటి చేతులకు శస్త్రచికిత్సతో రక్తం అందించాలని పాటుపడినవారిలో ముఖ్యుడు రెనే లెరీష్.

ఆయన 1879లో ఫ్రాన్సు దేశంలోని రోవాన్ పట్టణంలో జన్మించాడు. వైద్యం చదివింది లియోన్ నగరంలో. లూర్దు యాత్ర వలన మన పాఠకులకు తెలిసిన అలెక్సిస్ కారెల్ అక్కడే ఆయనకు మిత్రుడయ్యాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో తూటా తగిలి నరం దెబ్బతిన్న సైనికులు, గాయం మానినా, చెయ్యి కాలిపోతున్నట్లు విలవిలలాడేవారు. గాలి సోకినా ఓర్చుకోలేకపోయేవారు. రక్తనాళాలను బిగించే సింపథెటిక్ నరాలు ధమని గోడపై సన్నగా అల్లుకొని ఉంటాయి. ధమని పైపొరను కొంతమేర ఒలిచివేస్తే బిగింపు సడలి రక్తం పారుతుందని లెరీష్ తలచి, అలాగే చేశాడు. చెయ్యి వెచ్చబడేది, నొప్పి తగ్గేది. అయితే కొందరికి ఆ మేలు ఎంతోకాలం నిలువలేదు.

1924లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆచార్యుడయ్యాడు. 1937లో నొప్పికి చేసే శస్త్రచికిత్సపై గ్రంథం వెలువరించాడు. నొప్పి మనిషికి మేలు చేసే కాపలాదారు అన్న పాత మాటను అందులో ఖండించాడు. క్యాన్సరులో అది ఆలస్యంగా వస్తుంది, వచ్చాక మనిషిని నలిపేస్తుంది. ఇక్కడ గురువులమైన మేము కొంచెం ఆగి ఆలోచించాలి. నీ బాధను ప్రభువుకు అర్పించు అని మంచం పక్కన నిలబడి చెప్పటం మాకు సులువే, పడుకున్నవారికే కష్టం. రోగి కోరి అర్పించటం ఒకటి, మందు ఉండి కూడా ఇవ్వకపోవటం మరొకటి. నొప్పి తగ్గించుకోవటం ధర్మసమ్మతమేనని 1957లో 12వ పయస్ పాపుగారు వైద్యులకు స్పష్టం చేశారు. అప్పటికి లెరీష్ లేడు, 1955లో మరణించాడు.

1940లో పెతాన్ ప్రభుత్వం ఏర్పరచిన వైద్యుల మండలికి ఆయన అధ్యక్షత వహించాడు. యూదులపై అన్యాయపు చట్టాలు చేసిన ప్రభుత్వమది. ఆయన జీవితంలో ఈ భాగాన్ని నేను సమర్థించలేను, దాచనూ లేను.

ఆయన పద్ధతి మాత్రం ఆయనతో పోలేదు. 1980లో ఏడ్రియన్ ఫ్లాట్ అనే చేతి శస్త్రవైద్యుడు వేలి ధమనుల పైపొరనే ఒలిచే పద్ధతిని ప్రకటించాడు. పొగ మానినా, చేతులు వెచ్చగా ఉంచుకున్నా, మందులు వాడినా పుండ్లు మానని వారికి ఇప్పటికీ సూక్ష్మదర్శిని కింద ఈ ఆపరేషను చేస్తున్నారు.