బడిపంతులు – అచ్చుయంత్రం

చదువు ముగిసిన పిదప మనలో పెక్కుమంది కోరుకునేది నెల తిరిగేసరికి చేతికందే జీతం. అరసవల్లిలోనూ, చెంతనే ఉన్న శ్రీకాకుళంలోనూ పగలు కొలువు చేసి, సాయంకాలం చిన్న కొట్టు తెరచి కూర్చునే గృహస్థులు లేకపోలేదు. ఒక్క మనిషి రెండు బరువులు మోయగలడా? మోసి ఏమి సాధించగలడు? ఈ ప్రశ్నకు కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితమే సమాధానం.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. పసితనంలోనే తండ్రి సుబ్బరాయుడుగారు గతించగా, పెదతండ్రి వెంకటరత్నంగారి పోషణలో పెరిగారు. విద్యానంతరం ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి, కోరంగిలోనూ, అటుపిమ్మట ధవళేశ్వరంలోనూ ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు.

ధవళేశ్వరంలో కొలువు చేస్తూనే 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు. పత్రిక నడపడమంటే రచన ఒక్కటే కాదు. కాగితం కొనాలి, అచ్చుకూలి చెల్లించాలి, చందాదారులను సమకూర్చుకోవాలి, బాకీలు రాబట్టుకోవాలి. అది నిస్సందేహంగా ఒక వ్యాపారమే. మొదట పత్రిక మద్రాసులో అచ్చయ్యేది. ఆనాటికి రాజమహేంద్రవరం నుండి మద్రాసుకు రైలు లేదు. గోదావరిపై తొలి రైలువంతెన 1900లోగాని తెరువబడలేదు. వ్రాతప్రతి అంతదూరం పోయి, అచ్చయి తిరిగివచ్చేసరికి విషయం పాతబడుతుంది. పంతులుగారు ఈ చిక్కుకు విరుగుడుగా రాజమహేంద్రవరంలో సొంత ముద్రాలయాన్నే నెలకొల్పారు.

ముద్రాలయం వచ్చినంత మాత్రాన ఆయన బోధనకు స్వస్తి చెప్పలేదు. రాజమహేంద్రవర కళాశాలలో దీర్ఘకాలం తెలుగు పండితులుగా ఉన్నారు. 1899లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లారు.

ఈ రెండు వ్యాపకాల పొత్తును గమనించండి. ఇల్లు గడవడానికి జీతం ఉన్నది. కనుక పత్రిక ఎవరి ప్రాపకానికీ తలవంచవలసిన అగత్యం లేకపోయింది. లంచగొండితనాన్నీ, బాల్యవివాహాలనూ, వేశ్యాలోలతనూ అది నిర్భయంగా ఖండించింది. రాజశేఖర చరిత్రము 1878లో ఆ పత్రికలోనే వెలువడనారంభించి, 1880లో గ్రంథరూపం దాల్చింది. స్త్రీల కోసం 1883లో సతీహితబోధిని వెలసింది. తరగతి గదిలో నలభై మందికి చెప్పగల మాటను అచ్చుయంత్రం ఊరూరికీ చేర్చింది.

అయితే ఈ నిర్భయత్వానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించినపుడు బంధుమిత్రులు దూరమయ్యారు; వంటవారు సైతం రాలేదు. సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుండి తామే నీరు మోసి, వంట చేసి పెట్టారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. కనుక రెండు బరువులనూ పంతులుగారొక్కరే మోశారనడం న్యాయం కాదు. ఇంటిలో ఒకరు మౌనంగా భుజం పట్టనిదే ఇటువంటి కార్యం సాగదు.

ఆ సంస్కరణ పవనాలు మన సీమకూ వీచాయి. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన గురజాడవారి కన్యాశుల్కమే ఇందుకు సాక్ష్యం.

పంతులుగారు కడపటి దశలో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తమ యావదాస్తినీ దానికి సమర్పించారు. 1919 మే 27న మద్రాసులో పరమపదించారు.

జీతం మనిషిని రెండు విధాల తీర్చిదిద్దుతుంది. అది పోతుందేమోనన్న భయం కొందరి నోరు కట్టివేస్తుంది. అది ఉన్నదన్న ధైర్యం కొందరి చేత కొత్త పని చేయిస్తుంది. రేపు మీలో ఎవరైనా కొలువులో ఉంటూనే ఒక దుకాణమో, ఒక ముద్రాలయమో, ఒక చిన్న కర్మాగారమో తెరువవచ్చు. అప్పుడు లాభమెంత అని లెక్కించుకోండి, తప్పులేదు. ఆ లాభం ఎవరికి అక్కరకు వస్తుందో కూడా లెక్కించుకోండి. పంతులుగారి పద్దుపుస్తకంలో ఆ రెండవ లెక్కే పెద్దది.