మాస్కు కట్టించిన మహనీయుడు

డాక్టర్ వూ లియన్ తే 1879లో మలయాలోని పెనాంగ్‌లో ఒక కంసాలి ఇంట జన్మించారు. కేంబ్రిడ్జిలో వైద్యం చదివారు. 1910 డిసెంబరులో మంచూరియాలోని హార్బిన్ నగరంలో మహమ్మారి చెలరేగగా చైనా ప్రభుత్వం ఆయనను అక్కడికి పంపింది. శవపరీక్ష జరిపి, ఇది ఎలుకల ద్వారా కాక, దగ్గు తుంపరలతో మనిషి నుంచి మనిషికి సోకే ఊపిరితిత్తుల ప్లేగని తేల్చారు. వైద్యులు, నర్సులు, శవాలు మోసేవారు అందరూ దూది పొరలు పెట్టిన గాజుగుడ్డ మాస్కు కట్టుకోవాలన్నారు. అనుభవజ్ఞుడైన ఫ్రెంచి వైద్యుడు మెస్నీ ఆ సలహాను పెడచెవిన పెట్టి, మాస్కు లేకుండానే రోగులను పరీక్షించి, కొద్దిరోజులకే, 1911 జనవరిలో, ఆ జబ్బుతోనే మరణించారు. అప్పటికిగాని అందరికీ కళ్లు తెరుచుకోలేదు. సుమారు 60 వేలమందిని బలిగొన్న ఆ ప్లేగు కొద్ది నెలల్లోనే అణగింది. డాక్టర్ వూ 1960లో పెనాంగ్‌లో కన్నుమూశారు. ప్లేగు వైరస్ వ్యాధి కాకపోయినా, 2020లో కరోనా వేళ మన ఆసుపత్రి సిబ్బందిని కాపాడిన మాస్కులో ఆయన ముందుచూపు ఉంది.