పిలుపు ఒకరిది, ప్రయాణం ఇంటిల్లిపాదిది

ఆఫ్రికాలోని బోట్స్‌వానా దేశంలో చోబే నది ఒడ్డుకు నేడు ఎన్నో దేశాల నుంచి కుటుంబాలు సెలవుల్లో వస్తుంటాయి. నీళ్లు తాగడానికి గుంపులుగా వచ్చే ఏనుగుల్ని జీపులోంచి పిల్లలకు చూపించి మురిసిపోతుంటాయి. 1851లో ఇదే నదీతీరానికి ఎద్దుల బండిలో ఒక కుటుంబం వచ్చింది. ఆ తల్లి గర్భవతి. వెంట ఐదేళ్లు, నాలుగేళ్లు, రెండేళ్ల వయసున్న ముగ్గురు పిల్లలు. వాళ్లు వచ్చింది విహారయాత్రకు కాదు. ఆ పిల్లల తండ్రి పేరు డేవిడ్ లివింగ్‌స్టన్.

స్కాట్లాండ్‌లోని బ్లాంటైర్‌లో 1813లో నిరుపేద ఇంట పుట్టిన లివింగ్‌స్టన్ పదేళ్లకే నూలు మిల్లులో పనికి కుదిరాడు. పగలంతా పని, రాత్రి చదువు. అలాగే వైద్యం నేర్చుకుని, లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1841లో దక్షిణాఫ్రికా చేరాడు. 1844లో ఒక సింహం మీదపడి ఆయన ఎడమచేతి ఎముకను విరిచేసింది. మెబాల్వే అనే స్థానిక బోధకుడు అడ్డుపడి తాను గాయపడ్డాడు కాబట్టి ఆయన ప్రాణం దక్కింది. మరుసటి సంవత్సరం మిషనరీ రాబర్ట్ మోఫాట్ కుమార్తె మేరీతో ఆయనకు వివాహమైంది. మేరీ ఆఫ్రికా గడ్డమీదే పుట్టిన ఆడపడుచు. అక్కడి భాష ఆమెకు బాగా తెలుసు. కొలొబెంగ్‌లో వారు కట్టుకున్న ఇంట్లో రొట్టె, సబ్బు, కొవ్వొత్తులు అన్నీ ఆమె చేతిమీదుగానే తయారయ్యేవి. చిన్నపిల్లలకు బడి నడిపిందీ ఆమే.

కొలొబెంగ్‌ను కరువు పీడించింది. ఉత్తరాన నదులున్న ప్రాంతంలో మిషను స్థాపిస్తే కుటుంబంతో అక్కడే ఉండిపోవచ్చని లివింగ్‌స్టన్ ఆశించాడు. 1849లో కలహారి ఎడారి దాటి ఎన్‌గామి సరస్సును చూసివచ్చిన ఆయన, 1850లో గర్భవతి అయిన భార్యనూ, ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని మళ్లీ బయలుదేరాడు. సరస్సు చూడగానే పిల్లలు నీళ్లలో దిగి కేరింతలు కొట్టారు. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పిల్లలకు జ్వరాలొచ్చాయి. సీసీ ఈగ కాటుకు ఎద్దులు చనిపోయాయి. ఇంటికి తిరిగొచ్చాక మేరీ ఒక ఆడపిల్లను కన్నది. ఆ పసికందు ఆరు వారాలకే కన్నుమూసింది. మేరీ ముఖంలో ఒకవైపు పక్షవాతం సోకింది.

మరుసటి ఏడాది మేరీ మళ్లీ గర్భవతిగా ప్రయాణమవుతోందని తెలిసి ఆమె తల్లి అల్లుడికి ఘాటుగా ఉత్తరం రాసింది. అయినా ప్రయాణం ఆగలేదు. ఎడారి మధ్యలో బండిలోని నీళ్లు అయిపోవచ్చాయి. పిల్లలు దాహంతో అలమటించారు. మేరీ కళ్లు చెమర్చాయే గాని భర్తను ఒక్కమాట కూడా నిందించలేదు. ఐదో రోజున మనుషులు నీళ్లు మోసుకురావడంతో పిల్లలు బతికారు. చోబే చేరాక మకొలోలో నాయకుడు సెబెట్వానే వారిని ప్రేమగా చేర్చుకున్నాడు గాని కొద్ది రోజులకే మరణించాడు. అది జ్వరాల నేల, కుటుంబం నివసించే చోటు కాదని తేలిపోయింది. తిరుగుదారిలో, ఒక నది ఒడ్డున, సెప్టెంబరులో మేరీ మగబిడ్డను కన్నది.

1852లో లివింగ్‌స్టన్ భార్యాపిల్లల్ని కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కించి బ్రిటన్ పంపేశాడు. ఆయన ఆఫ్రికా ఖండాన్ని పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా దాటి, 1855లో విక్టోరియా జలపాతాన్ని చూసి, బానిస వ్యాపారపు ఘోరాలను లోకానికి చాటే మనిషి అయ్యాడు. ఆ నాలుగున్నరేళ్లూ మేరీ చాలీచాలని డబ్బుతో నలుగురు పిల్లల్ని పెట్టుకుని ఇళ్లు మారుతూ గడిపింది. 1862లో మళ్లీ భర్తను చేరుకున్న ఆమె మూడు నెలలకే జ్వరంతో షుపాంగాలో మరణించింది. అక్కడే ఒక బావోబాబ్ చెట్టు కింద ఆమెను సమాధి చేశారు. పెద్దకొడుకు రాబర్ట్ పేరు మార్చుకుని అమెరికా అంతర్యుద్ధంలో చేరి, 1864లో యుద్ధఖైదీగా చనిపోయాడు. పిల్లలతో ఆడుకోవడానికి తగినంత సమయం ఇవ్వలేకపోయానని లివింగ్‌స్టన్ తర్వాత బాధపడ్డాడు.

1873లో ఇప్పటి జాంబియాలోని ఒక పల్లెలో, మంచం పక్కన మోకరించిన స్థితిలో ఆయన చనిపోయి కనిపించాడు. చుమా, సుసీ అనే నమ్మకమైన అనుచరులు తోటివారితో కలిసి ఆయన గుండెను అక్కడి చెట్టు కింద పాతిపెట్టి, దేహాన్ని వెయ్యి మైళ్లకు పైగా మోసి సముద్రతీరం చేర్చారు. జాంజిబార్ బానిసల సంత మూతబడిందీ ఆ ఏడాదే.

లివింగ్‌స్టన్‌ను దోషిగా నిలబెట్టడం మన పని కాదు. ఆయన కష్టం వల్ల ఎందరికో విడుదల దొరికింది. అలాగని ఆయన ఇంటివారు మోసిన భారాన్ని మరచిపోవడం న్యాయమూ కాదు. మోషే జీవితంలోనూ ఇది కనిపిస్తుంది. పరదేశంలో పరాయివాడిగా ఉన్నందుకే ఆయన తన కుమారుడికి గెర్షోము అని పేరు పెట్టుకున్నాడు. అంతటి దైవజనుడు కూడా భార్య సిప్పోరాను పుట్టింటికి పంపాడు. ఆమెనూ ఇద్దరు కుమారుల్నీ అరణ్యానికి తీసుకొచ్చి అప్పగించింది మామ యిత్రో. పని భారమంతా ఒక్కడివే మోయవద్దని సలహా ఇచ్చిందీ ఆయనే. దేవుడు ఆ పెద్దాయన మాటను గ్రంథంలో ఉంచాడంటే, సేవకుడి ఇల్లు కూడా ఆయన లెక్కలో ఉన్నట్టే కదా!

సంఘ కాపరులుగా మేము విశ్వాసులకు విన్నవించేది ఇదే. మారుమూల పల్లెల్లో పరిచర్య చేస్తున్నవారికి కానుకలు పంపుతున్నాం, మంచిదే. వారి భార్య ఆరోగ్యం ఎలా ఉందో, పిల్లల ఫీజులు కట్టారో లేదో కూడా అడుగుదాం. గల్ఫ్‌లోనో మరో దేశంలోనో ఇంటి యజమాని కష్టపడుతుంటే ఇక్కడ ఒంటరిగా పిల్లల్ని పెంచే తల్లులు మన ఆరాధనల్లోనే కూర్చుంటున్నారు. వారికీ ఒక యిత్రో కావాలి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక అలాంటి ఒక్క ఇంటి తలుపు తట్టి వారి క్షేమం అడుగుదాం.